రంగు తెలియని ఎనిమిది కాళ్ల పురుగు

మంచిర్యాలలో ఒక ఫ్లెక్సీ షాపులో నేను డిజైనర్‌ని. పుట్టినరోజులు, శ్రద్ధాంజలులు, షాపు ఓపెనింగులు, ఎన్నికలొస్తే నాయకుల తలకాయలు. పొద్దంతా కంప్యూటరు ముందు కూర్చుని ఇవే చేస్తుంటాను. మా అబ్బా, అంటే నాన్న, బోర్డు పెయింటర్. గోదావరి ఒడ్డు నుంచి వేములవాడ రోడ్డు దాకా, కిరాణా కొట్లకు, లాడ్జీలకు, మెడికల్ షాపులకు, బడి గోడలకు ముప్పై ఏళ్లు అక్షరాలు రాశాడు. స్కేలు పెట్టకుండానే గీత తిన్నగా వచ్చేది. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని ఒక్కసారిగా కాకుండా, నెలకొకటి చొప్పున ఊడిపోతూ వచ్చింది. ఆయన పని పోగొట్టిన మిషన్ దగ్గరే నేను ఉద్యోగం చేస్తున్నాననే మాట మా ఇంట్లో ఎవరమూ ఎత్తం. ఎవరమంటే మేమిద్దరమే. అమ్మీ పోయి నాలుగేళ్లవుతోంది.

అయినా అడపాదడపా ఆయన్ను వెతుక్కుంటూ పని వచ్చేది. ఒక అంగన్‌వాడీ గోడ, ఒక ఆటో వెనక పేరు. రెండేళ్ల నుంచి వాటినీ వద్దంటున్నాడు. మోకాళ్లు నొప్పులనేవాడు, చెయ్యి వణుకుతోందనేవాడు. చెయ్యి వణకడం నేనెప్పుడూ చూడలేదు. మనసు విరిగిందేమో అనుకుని ఊరుకున్నాను.

ఆ ఏడు బడులు తెరవడానికి వారం ముందు ఒక టీచర్ మా షాపుకు వచ్చింది. శ్రీరాంపూర్ వైపు సర్కారు బడిలో సైన్స్ చెప్తుంది. యాభై దాటి ఉంటాయి, కళ్లద్దాలు తాడుతో మెడలో వేలాడుతున్నాయి. చేతిలో చుట్టిన పాత ఫ్లెక్సీ ఒకటి ఉంది. దాన్ని కౌంటర్ మీద పరిచి, "చూడు చెల్లె, రెండు ఎండకాలాలకే ఎట్లయిందో" అంది. గ్రహాల బొమ్మ. ఎరుపు, పసుపు ఎగిరిపోయి అన్ని గ్రహాలూ నీలంగా మిగిలాయి. అంగారకుడు కూడా నీలమే.

ఈసారి ఆమెకు వేరే బొమ్మ కావాలట. బొగ్గు పుట్టిన కాలంలో బతికిన జీవులు. వాళ్ల బాపు గనిలో పనిచేసి రిటైరయ్యాడని, చిన్నప్పుడు ఒకసారి ఆకు అచ్చు పడిన రాయి తెచ్చి చేతిలో పెట్టాడని, అప్పటి నుంచి ఈ పిచ్చి పట్టిందని చెప్పింది. ఫోన్‌లో ఒక ఫోటో చూపింది. బూడిద రంగు రాయి మీద బొటనవేలి గోరంత పురుగు అచ్చు. ఎనిమిది కాళ్లు. పొట్ట మీద పలకలు పలకలుగా గీతలు.

"సాలెపురుగా మేడం?"

"కాదు. సాలెపురుగుకు పెదనాయన వరుస అనుకో. దీనికి దారం తీసుడు రాదు, గూడు అల్లుడు రాదు. నేల మీద ఉరికి పట్టుకొని తినుడే. ఇది మన దగ్గర దొరికింది కాదు, వేరే దేశంల దొరికింది. మన గనుల నాకు ఆకులే కనబడ్డయి."

నేను కంప్యూటర్‌లో గీత గీయడం మొదలుపెట్టాను. రూపం వచ్చింది. రంగు నింపే డబ్బా తెరిచి, "ఏం రంగు మేడం?" అన్నాను.

"తెల్వదు."

"మీకు తెల్వదా, ఎవరికీ తెల్వదా?"

"ఎవరికీ తెల్వదు చెల్లె. రాయి రంగే మిగిలింది. పురుగు రంగు పోయింది."

మా షాపులో రంగు చెప్పకుండా ఏదీ ప్రింటు కాదు. నా చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. అప్పుడామె అన్న మాట ఈ కథంతటికీ మూలం. "గోడ మీద చేత్తో ఏసేటోళ్లు ఎవ్వరు లేరా ఇప్పుడు? ఎండకు పోకుండ ఉంటది గద."

"ఉన్నరు మేడం. మా ఇంట్ల ఉన్నరు" అన్నాను.

సాయంత్రం అబ్బాకు చెప్తే ఎప్పటిలాగే తల అడ్డంగా ఊపాడు. రంగు ఎవరికీ తెలియదట అన్నాక మాత్రం తినే రొట్టె పక్కన పెట్టాడు.

"ఎవ్వరికి తెల్వదా?"

"ఎవ్వరికి తెల్వదట."

"అట్లయితే తప్పు పట్టేటోళ్లు గూడ ఉండరు" అన్నాడు. కాసేపటికి బ్రష్షుల డబ్బా ఎక్కడుందని అడిగాడు. నాకు ఎంత సంతోషమేసిందంటే, ఆ మాటలో ఇంకేదైనా ఉందేమోనని ఆలోచించనే లేదు.

బడి తెరిచిన మొదటి రోజుల్లోనే పని మొదలైంది. సైన్స్ గది బయటి గోడ, వరండా కింద. నేను పొద్దున ఆయన్ను బండి మీద దింపి షాపుకు పోయి, సాయంత్రం తీసుకొచ్చేదాన్ని. మొదటి రెండు రోజులూ ఆయనకూ టీచర్‌కూ వాదనే నడిచిందట. ఆమె రాతి రంగే వేయమంది. తెలియనిది తెలియనట్టే చూపించాలని ఆమె పట్టు. అబ్బా ఒప్పుకోలేదు.

"టీచరమ్మా, బతికున్నప్పుడు అది రాయి కాదు గద. దానికో రంగు ఉండె గద. రాయి రంగు ఏస్తే అదే అబద్ధమైతది."

మూడో రోజు మంచి వాన పడింది. తెరిపి ఇచ్చాక బడి వెనక ఎర్రమట్టి మీద, అంతకన్నా ఎర్రగా ఆరుద్ర పురుగులు బయటికొచ్చాయి. సాయంత్రం నేను వెళ్లేసరికి అబ్బా మునికాళ్ల మీద కూర్చుని ఒక పురుగును అరచేతిలో పాకించుకుంటున్నాడు. టీచర్ గొడుగు మడిచి పక్కన నిలబడింది.

"మేము బీర్ బహూటీ అంటం. మఖ్మల్ లెక్క మెత్తగుంటది" అన్నాడు ఆయన.

"దాని కాళ్లెన్నో చూడు చాచా" అంది టీచర్.

అబ్బా దాన్ని కంటి దగ్గరికి, ఇంకా దగ్గరికి తెచ్చుకున్నాడు. చివరికి నాకు అందించాడు. "నువ్వు చూడు బిడ్డా." నేను చూశాను. ఎనిమిది.

"ఇది గూడ సాలెపురుగుల ఖాందానే. ఈ చిన్నవాటి జాతి చాన పాతది. రాయిల గూడ దొరికినయి. కాని రాయిల ఎరుపు లేదు" అంది టీచర్.

"ఎరుపు నిలువదు టీచరమ్మా. అన్నిటికన్న ముందు పోయేది అదే. ముప్పై ఏండ్ల సంది చూస్తున్న. దక్షిణం మొఖం బోర్డు మీద ఎర్ర అక్షరం మూడేండ్లకు గులాబీ అయితది, తర్వాత ఉండనే ఉండదు. నలుపు మాత్రం రేకు తుప్పు పట్టేదాక ఉంటది."

టీచర్ ఆయన్ను కొత్తగా చూసింది. "రాళ్లల్ల గూడ అంతే చాచా. మన వెంట్రుకల్ల ఉండే నలుపు, అసొంటిదే పాత పక్షుల ఈకల్ల, చేపల కండ్లల్ల ఇంక ఉన్నది. కొన్ని పురుగుల మీద చారలు, మచ్చలు ముదురుగ లేతగ కనబడ్తయి. ముదురున్నదని తెలుస్తది, ఏ రంగో తెల్వదు."

"అట్లయితే ముదురు రంగే ఏస్త. నలుపుల జర ఎరుపు కలిపి" అన్నాడు అబ్బా. అలా రాజీ కుదిరింది.

ఆయన దగ్గర రంగు డబ్బాలు ఎప్పుడూ ఒకే వరుసలో ఉండేవి. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, నలుపు. చెక్కపెట్టెలో అదే వరుసలో పెట్టి పంపాలి. పైన కాగితాలు ఎప్పుడో ఊడిపోయాయి. మర్నాడు పొద్దున నాకు షాపుకు ఆలస్యమవుతోంది. చేతికొచ్చినట్టు డబ్బాలు సర్ది పెట్టె బండికి కట్టేశాను.

సాయంత్రం వెళ్లి చూస్తే గోడ మీద పురుగు వచ్చేసింది. రెండు చేతుల వెడల్పు. పొట్ట మీద ఒక్కో పలకకూ అంచున వెలుగు, లోపల నీడ. కాళ్ల మీద సన్నటి వెంట్రుకలు. గోడ దిగి వస్తుందేమో అన్నట్టుంది. రంగు మాత్రం నీలం. వంకాయ ఛాయ తగిలిన ముదురు నీలం. పిల్లలు గుంపుగా నిలబడి నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు.

టీచర్ నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగింది. "నలుపు అన్నడు గద, నీలం ఎందుకేసిండు?"

"మనసు మార్చుకున్నట్టున్నరు మేడం. ఆయనంతే" అన్నాను. నిజంగా అదే అనుకున్నాను. మంచి పెయింటర్లకు అలాంటి తిక్క ఉంటుందని గొప్పగా కూడా అనిపించింది.

ఇక తేలు బొమ్మ మిగిలింది. ఆ కాలంలో తేళ్లూ ఉండేవి. బడి వెనక రాళ్ల కింద ఒక తేలు దొరికితే అటెండర్ చంపబోయాడట. టీచర్ ఆపి, దాన్ని గాజు సీసాలో వేసింది. నాకు ఫోన్ చేసి, "మీ షాపుల నోట్లు అసలివో నకిలివో చూసే ఊదా లైటు ఉంటది గద, జర తెస్తవా" అని అడిగింది. మా ఓనర్‌ను అడిగి మధ్యాహ్నం తీసుకెళ్లాను.

పాత బెంచీలు వేసిన స్టోర్ రూమ్‌లోకి అందరం దూరాం. పదో తరగతి పిల్లలు, టీచర్, అబ్బా, నేను. కిటికీలకు అట్టలు అడ్డం పెట్టి తలుపు మూశారు. టీచర్ లైటు వేసింది. సీసాలో నల్లగా ముడుచుకుని ఉన్న తేలు ఒక్కసారిగా వెలిగింది. పచ్చ, నీలం కలిసిన వెలుగు. దాని తోక మీది ఒక్కో కణుపూ లెక్కపెట్టొచ్చు. పిల్లలు గట్టిగా అరిచారు. నాకు ఒళ్లు ఝల్లుమంది.

"దాని పెంకులనే ఉన్నది ఈ మెరుపు. రాయిల దొరికిన పాత తేళ్లయి కొన్ని పెంకు ముక్కలు గూడ ఇట్లనే మెరిసినయట. పురుగు పోయింది, కాలం పోయింది, ఇది పోలే" అంది టీచర్. తర్వాత అబ్బా వైపు తిరిగి అడిగింది. "చాచా, గోడ మీద ఈ రంగు వస్తదా? ఏమేమి కలుపుతవ్?"

అబ్బా తలూపాడు. "వస్తది, ఎందుకు రాదు. ఎరుపుల జర పసుపు కలిపితే సరిపోతది."

పిల్లలు పకపకా నవ్వారు. పరాచికం ఆడుతున్నాడనుకున్నారు. అబ్బా కూడా నవ్వాడు, కాని ఆ నవ్వు ఆలస్యంగా వచ్చింది. వాళ్లెందుకు నవ్వుతున్నారో ఆయనకు తెలియలేదు. ఆ ఊదా చీకట్లో నేను ఆయన మొహమే చూస్తున్నాను. ఆయన చూపు సీసా మీద లేదు. సీసాకు జానెడు పక్కన, ఖాళీ బెంచీ మీద ఉంది.

అప్పుడు నాకు అన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఆరుద్ర పురుగును నా చేతికిచ్చి కాళ్లు లెక్కపెట్టమనడం. కూరగాయలు నన్నే ఏరమనడం. వద్దన్న పనులన్నీ.

బయటికొచ్చి వేపచెట్టు కింద చప్టా మీద కూర్చోబెట్టి అడిగాను.

"అబ్బా, తేలు కనబడ్డదా?"

వేళ్లకు ఎండిన రంగును గోటితో గీకాడు. తర్వాత, "ఏదో మసక మసకగ ఉండె బిడ్డా. అందరు అరుస్తుంటే మంచిగనే ఉన్నదనుకున్న" అన్నాడు.

"ఎన్ని రోజుల సంది గిట్ల?"

"రెండేండ్లయితుంది. ముందుగాల నీలం పోయింది. నీలమేదో నలుపేదో తెలుస్తలేదు. తర్వాత అన్ని చాయ నీళ్లలకెల్లి చూసినట్టు అయినయి."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? పెయింటర్‌కు రంగులు కనబడ్తలేవని చెప్పాల్నా?"

నేను ఫ్లెక్సీ షాపులో పనికి చేరిన నాడు ఆయన ఒక్క మాట అనలేదు. ఆ రోజు నేనూ ఆయన్ను ఒక్క మాట అనదలచుకోలేదు. అడగవలసింది ఒకటే మిగిలింది. "గోడ మీద పురుగును ఏ రంగుల ఏసినవ్?"

"నలుపుల ఎరుపు కలిపిన. ఎందుకు?"

వరండాలో ఉన్న రంగుల పెట్టెలోంచి చివరి డబ్బా తీసి మూత మీద ఎండిన రంగు చూశాను. ఆ రోజు పొద్దున తొందరలో చివర నేను పెట్టింది నలుపు కాదు, నీలం. ఆయన వరుసను నమ్ముకుని పని చేసుకుంటున్నాడు. ఆ వరుసను చెడగొట్టింది నేను. ఆ మాట అప్పుడు చెప్పలేకపోయాను. "ఏం లేదు, మంచిగ కుదిరింది" అన్నాను.

టీచర్‌కు మాత్రం అంతా చెప్పాను. ఆమె, "ఇది మోతిబిందు చెల్లె, కంట్ల పొర. గింతదానికి రెండేండ్లు పరేషాన్ అయిండా? మా బాపుకు చేయించిన, గంట పని" అంది. ఆపరేషన్‌కు అబ్బా ససేమిరా అన్నాడు. ఉన్న కొంచెం చూపు కూడా పోతుందని ఆయన భయం. నేను ఎంత చెప్పినా వినలేదు. చివరికి టీచరే ఇంటికొచ్చి చాయ తాగుతూ అంది.

"చాచా, తేలు బొమ్మ మిగిలింది. ఆ రంగు చూడకుంట ఎట్ల ఏస్తవ్? చూసినంక ఏద్దువు. అప్పటిదాక గోడ అట్లనే ఉంటది, ఫికర్ చెయ్యకు."

పని సగంలో ఆపి ఎరగని మనిషి ఆయన. ఆ మాట పనిచేసింది.

కరీంనగర్ కంటి ఆస్పత్రిలో ముందు కుడికన్నుకు ఆపరేషన్ చేశారు. మర్నాడు పొద్దున నర్సు కట్టు విప్పింది. అబ్బా రెండు మూడుసార్లు రెప్పలాడించి, గది మూల ఉన్న ప్లాస్టిక్ బకెట్ కేసి చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

"గింత నీలం ఎక్కడుండె బిడ్డా ఇన్ని దినాలు?"

మామూలు బకెట్. బాత్రూములో నీళ్లు పట్టుకునేది. నర్సు నవ్వుతూ, "అందరు ఇట్లనే అంటరు తాతా" అంది. నేను కిటికీ వైపు తిరిగి చున్నీతో మొహం తుడుచుకున్నాను.

మంచిర్యాల బస్సులో నల్లద్దాలు తీయవద్దని ఎంత చెప్పినా, దొంగచాటుగా పక్క నుంచి చూస్తూనే ఉన్నాడు. ఒకసారి ఒక కన్ను మూసి, మరోసారి ఇంకో కన్ను మూసి. "ఈ కంట్ల ఆకాశం, ఈ కంట్ల చాయ" అని చిన్నపిల్లాడిలా చెప్పాడు. రోడ్డు పక్క ఫ్లెక్సీలు కనబడ్డవన్నీ చదివాడు. శ్రద్ధాంజలిలో ఒత్తు తప్పు పడిన దాన్ని చూసి, "ఇది మీ షాపుదేనా?" అన్నాడు. మా షాపుదే. ఆ ఒత్తు నాదే. ఒప్పుకున్నాను. ఆ ఊపులో డబ్బాల వరుస సంగతి కూడా చెప్పేశాను. పురుగు నలుపు కాదు, నీలమని.

అబ్బా కిటికీ బయటికి చూస్తూ ఉండిపోయాడు. ఊరొచ్చేదాకా ఇక ఫ్లెక్సీలు కూడా చదవలేదు. కోపం వచ్చిందనే అనుకున్నాను.

డాక్టర్ చెప్పిన గడువు అయ్యాక బడికి తీసుకెళ్లాను. గోడ ముందు నిలబడ్డాడు. టీచర్ నా పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. పిల్లలు క్లాసుల్లో ఉన్నారు, ఎక్కడో ఎక్కాలు వినబడుతున్నాయి. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి చూశాడు, దగ్గరికి పోయి వేలితో కాలి వెంట్రుకలు తడిమాడు, మళ్లీ వెనక్కి వచ్చాడు.

"ఇది నేనేసిన్నా?" అని పెద్దగా నవ్వేశాడు. "ఎంత మంచిగున్నది!"

నాకు ఊపిరి ఆడింది.

నవ్వు ఆగాక టీచర్‌ను అడిగాడు. "తప్పేనా టీచరమ్మా? నీలం ఉండకపోవునా దానికి?"

టీచర్ అంత తొందరగా జవాబు చెప్పే మనిషి కాదు. "ఉండదని చెప్పలేను, ఉండెనని గూడ చెప్పలేను. కొన్ని పాత పెంకుపురుగులు రాయిల ఇంక తళతళ మెరుస్తనే దొరికినయి. అది రంగు పూసినట్టు ఉండే రంగు కాదు చాచా, పెంకుల పొరలు పేర్చిన తీరుకు వచ్చే మెరుపు. అందుకే ఆ నీలం, ఆ పచ్చ నిలిచినయి. ఈ పురుగుకు అట్ల ఉండెనో లేదో రేపెవరన్న చూసి చెప్తరేమో."

"అట్లయితే చెరపను" అన్నాడు అబ్బా. "కని ఒక్కటే ఉంటే పిల్లలు గిదే నిజమనుకుంటరు."

వారం రోజుల్లో నీలం పురుగు పక్కన అదే పురుగును ఇంకో రెండుసార్లు వేశాడు. ఒకటి ముదురు గోధుమ రంగు మీద లేత మచ్చలతో, ఇంకొకటి ఆరుద్ర పురుగంత ఎర్రగా. మూడింటికీ పైన, చిన్నగా, రాయి రంగులో రాతి అచ్చు. కింద తన చేతిరాతలో, ఎప్పటి గుండ్రటి అక్షరాలతో రాశాడు: "రూపం రాయి చెప్పింది. రంగు ఇంకా ఎవరికీ తెలియదు. తెలుసుకున్నవాళ్లు వచ్చి దిద్దండి."

చివరి వాక్యం ఎవరూ రాయమనలేదు. టీచర్ దాన్ని రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. టీచర్ సీసాలో దాచి ఉంచిన తేలును మళ్లీ స్టోర్ రూమ్‌లో చూశాక వేశాడు. ఆ రంగు కుదరడానికి నాలుగు రోజులు పట్టింది. నాలుగో రోజు కూడా సరిగ్గా రాలేదని ఆయనే అన్నాడు. పిల్లలకు మాత్రం అదే ఎక్కువ నచ్చింది. ఒక అమ్మాయి రోజూ ఇంటర్వెల్‌లో వచ్చి, ఎర్ర పురుగే నిజమని తన దోస్తుతో కొట్లాడుతుందట. ఏ ఆధారంతో అంటున్నవని టీచర్ అడిగితే, ఆధారం పెద్దయినంక వెతుకుత అందట.

చలికాలంలో ఎడమ కన్నుకు కూడా ఆపరేషన్ అయింది. ఈ మధ్య లక్షెట్టిపేట వైపు ఒక బడి నుంచి అబ్బాకు పిలుపు వచ్చింది. ప్రాణహిత దగ్గర రాళ్లల్లో ఎముకలు దొరికిన పెద్ద జంతువుల బొమ్మలు కావాలట. పోయిన ఆదివారం నేనూ వెంట వెళ్లాను. గోడ కింది వరసలో బడి పేరు రాసే పని నాకు అప్పగించాడు. నా చేతి అక్షరాలు ఒకటి లావుగా, ఒకటి సన్నగా వచ్చాయి. అబ్బా వెనక నిలబడి చూసి, చెరపకుండా, బ్రష్షును నా వేళ్ల మధ్య కొంచెం కిందికి జరిపి, "ఇప్పుడు రాయి" అన్నాడు.